కృష్ణా డెల్టాలో నరాల జబ్బులు, దీర్ఘవ్యాధులు: ప్రజల్లో అవగాహన

మూర్ఛ, పక్షవాతం, పార్కిన్సన్స్, ముసలితనంలో వచ్చే మతిమరుపు జబ్బు లాంటి నాడీవ్యవస్థ రుగ్మతల గురించి, వాటిలో కొన్నిటికి దారితీసే బీపీ, షుగరు లాంటి దీర్ఘవ్యాధుల గురించి విజయవాడలోనూ కృష్ణా డెల్టా పల్లెల్లోనూ జనానికి ఎంత తెలుసు, తెలియజెప్పడానికి ఏం జరిగింది, ఎక్కడ లోటుంది అన్నవి ఈ వ్యాసానికి విషయం. 2021లో ప్రపంచంలో సుమారు 340 కోట్ల మంది, అంటే ముగ్గురిలో ఒకరికి మించి, ఏదో ఒక నాడీ సంబంధ సమస్యతో ఉన్నారని అంచనా. మనుషులను అనారోగ్యం పాలు, వైకల్యం పాలు చేసే కారణాల్లో ఇప్పుడు ఇవే మొదటివి. 2023లో వెలువడిన ఐసీఎంఆర్ అధ్యయనం మన దేశంలో పెద్దవాళ్లలో 11.4 శాతం మందికి మధుమేహం, 35.5 శాతం మందికి అధిక రక్తపోటు ఉన్నట్టు చెప్పింది.

1855లో కట్టిన ఆనకట్ట, దాని స్థానంలో 1957లో వచ్చిన ప్రకాశం బ్యారేజీ చలవతో సుమారు 13 లక్షల ఎకరాలు పండుతున్న నేల కృష్ణా డెల్టా. 2022 జిల్లాల విభజన తర్వాత ఎన్టీఆర్, కృష్ణా, ఏలూరు, గుంటూరు, బాపట్ల జిల్లాల్లో పరుచుకుని ఉంది. ఇక్కడ రోడ్లున్నాయి, చదువుంది, చాలా ఊళ్ల నుంచి పిల్లలు అమెరికా వెళ్లారు. విజయవాడ సూర్యారావుపేటలో వీధి పొడుగునా ఆసుపత్రులే. అయినా ఫిట్స్ వచ్చిన పిల్లవాడి గుప్పిట్లో తాళాల గుత్తి పెట్టడం ఇంకా పోలేదు. కాలూ చెయ్యీ పడిపోయిన మనిషిని ముందు పసరు మందుకే తీసుకెళ్లే ఇళ్లు ఇంకా ఉన్నాయి. ఊళ్లో డాక్టరు ఉన్నంత మాత్రాన జబ్బు సంగతి జనానికి తెలిసిపోదు. వీటిలో మూర్ఛ లాంటివి పైకి కనబడేది కొద్ది నిమిషాలే. ఆ కాసేపు పక్కనున్నవాళ్లకు ఏం చెయ్యాలో తెలియాలి. తర్వాత ఏళ్ల తరబడి ఏమీ కనబడదు. ఆ కాలమంతా మందు మానకూడదని ఇంట్లోవాళ్లకు తెలియాలి. డెల్టాలో జరిగిన ప్రయత్నాలను ఈ రెండు కొలతలతో చూడటం న్యాయం.

పూర్వరంగం

జబ్బు పైకి కనబడకపోయినా మందు మింగాలని ఇంటింటికీ తిరిగి చెప్పిన తొలి పెద్ద ప్రయత్నం ఇక్కడ బోదకాలు మీద జరిగింది. మురుగులో పెరిగే క్యూలెక్స్ దోమ మోసుకొచ్చే ఈ జబ్బు కృష్ణా, గోదావరి జిల్లాల్లో తరతరాలుగా ఉంది. జాతీయ ఫైలేరియా నియంత్రణ కార్యక్రమం 1955లో మొదలైంది. ఆ సూక్ష్మక్రిమి పగలు ఊపిరితిత్తుల్లో దాగి, రాత్రిపూట బయటి రక్తంలోకి వస్తుంది. అందుకని ఫైలేరియా సిబ్బంది జనం పడుకునే వేళకు వీధుల్లోకి వెళ్లి, మంచాల మీదివాళ్లను లేపి, వేలికి సూది గుచ్చి, గాజుపలక మీద రక్తపు చుక్క తీసుకునేవారు. నిక్షేపంగా తిరుగుతున్న మనిషిని నిద్రలో లేపి ‘నీ ఒంట్లో జబ్బు ఉండొచ్చు’ అని ఒప్పించడం తేలిక పని కాదు. దీనికి వాడే డైఇథైల్ కార్బమజైన్ మందును 1940లలో అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో రూపొందించింది మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు బృందమే. 2004 నుంచి ఆ మాత్రలను జబ్బు ఉన్నా లేకున్నా అందరికీ ఏడాదికోసారి ఇచ్చే పద్ధతి దేశంలో బోదకాలు ఉన్న జిల్లాల్లో వచ్చింది. ‘మాకేం జబ్బు లేదుగా, మాత్రెందుకు?’ అన్నది గుమ్మం దగ్గర ఎదురయ్యే మొదటి ప్రశ్న. చేతిలో పెట్టి వచ్చిన మాత్రలు డబ్బాల్లో ఉండిపోతాయని తేలాక, కళ్లెదుట మింగించాలన్న నియమం పెట్టారు. బీపీ బిళ్ల విషయంలోనూ ఫిట్స్ మాత్ర విషయంలోనూ ఇప్పుడు వినబడేది ఆ పాత ప్రశ్నే.

ఈ అవగాహన పనిలో రెండో పాయ హేతువాదులది. గోరా, సరస్వతి గోరా దంపతులు 1940లో ముదునూరులో మొదలుపెట్టిన నాస్తిక కేంద్రం 1947లో విజయవాడ పటమటకు మారింది. నిప్పుల మీద నడవడంలో మహిమ ఏమీ లేదని జనం ముందు నడిచి చూపించారు. గ్రహణం నాడు గర్భిణులు బయటికొస్తే బిడ్డకు అంగవైకల్యం వస్తుందన్న భయాన్ని, గర్భిణులతోనే గ్రహణం చూపించి పోగొట్టే ప్రయత్నం చేశారు. పుట్టుకతో వచ్చే లోపాలకు తల్లి చేసిన ‘తప్పు’ కారణమన్న నింద ఎన్ని ఇళ్లలో ఆడవాళ్లను కుంగదీసిందో తెలిసినవారికి ఆ పని విలువ తెలుస్తుంది. గోరా కుమారుడు డాక్టర్ సమరం పత్రికల్లో ప్రశ్నలు జవాబుల శీర్షికలతో, చిన్న చిన్న పుస్తకాలతో ఒళ్లూ జబ్బుల సంగతులను వాడుక తెలుగులోకి తెచ్చారు. పేరు చెప్పుకోకుండా ఉత్తరం రాసి డాక్టరును అడగొచ్చన్న ధైర్యం ఆ శీర్షికల వల్ల వచ్చింది. 1988లో ఏర్పడిన జన విజ్ఞాన వేదిక కళాజాతాలు, 1948 డిసెంబరు 1న మొదలైన విజయవాడ ఆకాశవాణి కేంద్రం ఆరోగ్య ప్రసంగాలు, ఈనాడు ‘సుఖీభవ’ లాంటి పత్రికా పుటలు ఈ దారిలోనివే.

మూర్ఛ

మెదడులోని కణాల మధ్య నడిచే విద్యుత్ సంకేతాలు ఒక్కసారిగా అదుపు తప్పితే ఫిట్స్ వస్తుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనాలో మూర్ఛ ఉన్నవాళ్లు 5 కోట్ల మంది. వారిలో 80 శాతం దాకా పేద, మధ్యాదాయ దేశాలవాళ్లే. భారతదేశంలోనే కోటి మందికి పైగా ఉంటారని అంచనా. సరైన మందు వేళకు వాడితే 70 శాతం మంది వరకు ఫిట్స్ రాకుండా బతకగలరు. ఫినోబార్బిటాల్ 1912 నుంచి, ఫెనిటాయిన్ 1938 నుంచి వాడుకలో ఉన్నాయి. రెండూ ఖరీదైనవి కావు. మందు దొరికి, ధర కూడా తక్కువై, అయినా రోగి నోటికి చేరని జబ్బు ఇది. అందుకే డెల్టాలో అవగాహన పని అన్నిటికన్నా ఎక్కువగా దీనికే కావాలని ఈ వ్యాసకర్త అభిప్రాయం.

బస్టాండులో ఒక మనిషి పడిపోయాడనుకుందాం. ఒళ్లు బిగుసుకుంటుంది, కాళ్లూ చేతులూ కొట్టుకుంటాయి, నోట్లో నురగ వస్తుంది. క్షణంలో జనం గుమిగూడతారు. ఒకరు తాళాల గుత్తి చేతిలో కుక్కుతారు, ఒకరు ఉల్లిపాయ చితక్కొట్టి ముక్కు దగ్గర పెడతారు. ఇంకొకరు నాలుక కొరుక్కుంటాడని పళ్ల మధ్య చెంచా దూరుస్తారు, మరొకరు నీళ్లు పోస్తారు. రెండు మూడు నిమిషాల్లో కొట్టుకోవడం ఆగిపోతుంది. అది దానంతటదే ఆగేదే. తాళంచెవికి పేరు మాత్రం అక్కడ వచ్చింది. చెంచా వల్ల పళ్లు విరుగుతాయి, నీళ్లు ఊపిరితిత్తుల్లోకి పోతాయి, గట్టిగా అదిమిపట్టడం వల్ల భుజం జారుతుంది. చెయ్యాల్సింది చాలా తక్కువ. చుట్టూ ఉన్న గట్టి వస్తువులు తీసెయ్యాలి. తల కింద కండువానో సంచినో పెట్టాలి, మెడ దగ్గర బొత్తాం వదులు చెయ్యాలి, మెల్లగా పక్కకు తిప్పి పడుకోబెట్టాలి, గడియారం చూడాలి. అయిదు నిమిషాలు దాటినా ఆగకపోతే, ఆగి స్పృహ రాకముందే మళ్లీ మొదలైతే, దెబ్బ తగిలితే, మనిషి గర్భిణి అయితే 108కి ఫోన్ చెయ్యాలి. తెలివొచ్చేదాకా పక్కన ఒకరుండాలి. నోట్లో ఏదీ పెట్టకూడదు. ఇదంతా ఆటోస్టాండులోనో బడిలోనో పది నిమిషాల్లో చేసి చూపించగలిగిన సంగతి.

నీటి మధ్య బతికే డెల్టాలో మూర్ఛకు ఇంకో ముప్పుంది. బందరు కాలువ, ఏలూరు కాలువ, రైవస్ కాలువ, వాటి పిల్ల కాలువలు, కైకలూరు వైపు చేపల చెరువులు – రేవులో బట్టలు ఉతికే మనిషికి, కాలువలో గేదెలు కడిగే కుర్రాడికి, చెరువు గట్టు మీద రాత్రి కాపలా ఉండేవాడికి ఫిట్స్ వస్తే మోకాలి లోతు నీళ్లే ప్రాణం తీస్తాయి. మూర్ఛ ఉన్నవాళ్లు తోడు లేకుండా నీళ్లలోకి దిగకూడదు. ఇంట్లో స్నానం చేసేటప్పుడు లోపల గడియ పెట్టుకోకూడదు, కూచుని చెంబుతో పోసుకోవడం మేలు. 2016 ఆగస్టు 12 నుంచి 23 వరకు కృష్ణా పుష్కరాలు జరిగాయి. మళ్లీ 2028లో వస్తాయి. ఘాట్ల దగ్గర ఈతగాళ్లను పెట్టడం రివాజు. వాళ్లకు నీళ్లలో ఫిట్స్ వచ్చిన మనిషి తలను పైకెత్తి పట్టుకోవడం నేర్పితే దానికయ్యే ఖర్చు ఏమీ ఉండదు.

నిద్ర తక్కువైనా, మాత్ర తప్పినా ఫిట్స్ వస్తుంది. మన ఆచారాల్లో ఈ రెండూ కలిసొచ్చే సందర్భాలు చాలా ఉన్నాయి. శివరాత్రి జాగరణ, కార్తీక ఉపవాసాలు, భవానీ దీక్ష నాటి నియమాలు – వీటిలో మాత్ర మింగితే నియమం చెడుతుందని మానేసేవాళ్లున్నారు. ఇక్కడ డాక్టరు మాట కన్నా గురుస్వామి మాటకు బలం ఎక్కువ. దీక్షలోనూ మాత్ర వేసుకోవచ్చని, జాగరణ అందరికీ విధి కాదని గురుస్వాములు, అర్చకులు చెబితే చాలామంది వింటారు.

పెళ్లి దగ్గర ఈ జబ్బు అన్నిటికన్నా ఎక్కువ బాధ పెడుతుంది. 1976 సవరణతో హిందూ వివాహ చట్టంలోకి వచ్చిన ఒక నిబంధన, మళ్లీ మళ్లీ మూర్ఛ వచ్చేవాళ్లను వివాహానికి అనర్హులుగా చూసింది. 1999లో ఆ మాట తీసేశారు. చట్టం మారి పాతికేళ్లు దాటినా పెళ్లిచూపుల్లో మాట మారలేదు. ఆడపిల్లకు చిన్నప్పటి నుంచి ఫిట్స్ ఉన్న సంగతి దాచి, అత్తవారింట బయటపడుతుందని పెళ్లికి ముందే మాత్రలు మాన్పిస్తారు. అర్ధరాత్రి ముహూర్తం, రెండు రోజులుగా నిద్ర లేదు, మాత్ర లేదు. వారం తిరక్కుండా ఫిట్స్ వస్తుంది. జబ్బు చేసిన హాని కన్నా దాపరికం చేసిన హాని ఎక్కువ. ఇంకో సంగతి కూడా ఇలాగే మరుగున పడుతుంది. వాల్‌ప్రోయేట్ అనే మందు గర్భంలోని శిశువుకు లోపాలు తెచ్చే ప్రమాదం ఉంది. పిల్లలు కావాలనుకునే స్త్రీ ముందే డాక్టరుతో మాట్లాడి మందు మార్పించుకోవాలి, ఫోలిక్ ఆమ్లం మొదలుపెట్టాలి. భర్తకు తెలియకుండా మాత్ర మింగుతున్న అమ్మాయి ఈ మాట ఎవరితో ఎప్పుడు అడుగుతుంది?

కారణాల్లో ఒకటి నివారించగలిగినది. పంది బద్దెపురుగు గుడ్లు మురికి నీటితోనో సరిగ్గా కడగని ఆకుకూరలతోనో కడుపులోకి వెళ్తే, ఆ పురుగు పిల్ల మెదడులో తిత్తిగా స్థిరపడి ఫిట్స్ తెస్తుంది. మాంసం ముట్టనివాళ్లకూ వస్తుంది. చేతులు కడుక్కోవడం, మరుగుదొడ్డి వాడటం, పచ్చి కూరలను శుభ్రం చేసుకోవడం మూర్ఛ నివారణలో భాగమని ఇళ్లలో దాదాపు ఎవరికీ తెలియదు.

పక్షవాతం

మెదడుకు పోయే రక్తనాళం మూసుకుపోవడమో చిట్లడమో పక్షవాతానికి కారణం. ప్రపంచంలో పాతికేళ్లు దాటిన ప్రతి నలుగురిలో ఒకరికి జీవితకాలంలో ఎప్పుడో ఒకప్పుడు ఇది వచ్చే అవకాశం ఉంది. నాళం మూసుకుపోయిన రకంలో, చికిత్స అందని ప్రతి నిమిషానికీ సుమారు 19 లక్షల నాడీకణాలు చనిపోతాయి. గడ్డను కరిగించే ఇంజెక్షన్ నాలుగున్నర గంటల్లోపు పడాలి. ముందు సీటీ స్కాన్ తీసి, రక్తస్రావం కాదని తేల్చుకుని ఇస్తారు. స్కాన్ లేని ఊళ్లో మొదట ఆగడమంటే ఉన్న గడువును పోగొట్టుకోవడమే.

నాగాయలంక, అవనిగడ్డ లాంటి దివిసీమ ఊళ్ల నుంచి విజయవాడకు సుమారు రెండు గంటల ప్రయాణం. ఏళ్ల తరబడి పడవల మీదా పంటు మీదా రాకపోకలు సాగించిన ఎదురుమొండి దీవుల వాళ్లకు రేవు దాటడానికే కొంత సమయం పోతుంది. ఇంట్లో ‘కాసేపు చూద్దాం’ అనుకున్న గంట, ఊళ్లో ఆర్‌ఎంపీ సెలైన్ పెట్టిన గంట, పసరు మందుకు వెళ్లొచ్చిన గంటలు కలిస్తే అయిపోయింది. రాత్రి పడుకున్నప్పుడు బాగుండి, తెల్లవారి లేచేసరికి చెయ్యి పడిపోయిన వాళ్ల విషయంలో గడువు లెక్క చివరిసారి బాగున్న వేళ నుంచి మొదలవుతుంది. అందుకే ఆసుపత్రిలో అడిగే మొదటి ప్రశ్న ‘ఆఖరుసారి మామూలుగా ఎప్పుడు ఉన్నారు?’ అన్నదే. ఆ జవాబు తెలిసిన మనిషి కూడా వాహనంలో రావాలి.

పసరు మందుకూ, పావురం రక్తం రాయడానికీ అంత పేరు ఎందుకొచ్చిందో చెప్పకుండా తిట్టిపోస్తే జనం వినరు. నోరు వంకరపోయి కన్ను మూతపడని ముఖపక్షవాతం చాలామందిలో కొన్ని వారాల్లో దానంతటదే నయమవుతుంది. కొందరికి చిన్న పక్షవాతం వచ్చి గంటలోపే సర్దుకుంటుంది. అసలు పక్షవాతంలోనూ మొదటి మూడు నెలల్లో కొంత కదలిక సహజంగా తిరిగొస్తుంది. ఈ మూడింటి పేరూ మందు పోసినవారి ఖాతాలో పడింది. చిన్నగా వచ్చి సర్దుకున్నది పెద్దదానికి ముందు హెచ్చరిక. అది తగ్గిపోయిందని సంతోషపడి ఇంటికెళ్లినవాళ్లే తర్వాత మంచాన పడుతుంటారు.

గుర్తుపట్టడం సులువు. నవ్వమంటే మూతి ఒక పక్కకు పోతుంది. రెండు చేతులూ చాపమంటే ఒకటి కిందికి వాలుతుంది. మాట ముద్దగా వస్తుంది. వీటిలో ఒక్కటి కనబడినా స్కాన్ ఉన్న ఆసుపత్రికి బయల్దేరాలి. దారిలో నీళ్లు, కాఫీ పట్టకూడదు, మింగలేక పొరబోతుంది. బీపీ బిళ్ల నాలుక కింద పెట్టకూడదు. 2005లో మొదలైన 108 అంబులెన్సును జనం ప్రమాదాలకూ కాన్పులకూ పిలిచినంత చొరవగా పక్షవాతానికి పిలవరు. నొప్పి లేకపోవడమే ఇక్కడి తంటా. నొప్పి ఉంటే పరుగెత్తేవాళ్లు, తిమ్మిరే కదా అని ఆగుతారు.

నివారణ మాటకొస్తే బీపీయే మొదటిది. ఉప్పు రోజుకు 5 గ్రాములు దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. ఆవకాయ, అప్పడాలు, ఊరమిరపకాయలు, ఎండుచేపలు ఉన్న డెల్టా భోజనంలో అది సగం పూటకే అయిపోతుంది. ఇక బిళ్లల సంగతి. ‘చూపించుకున్నాం, బీపీ నార్మల్‌కొచ్చింది, మానేశాం’ అన్నది తరచుగా వినే మాట. నార్మల్‌కొచ్చింది బిళ్ల వల్లేనని ఒక్క ముక్క చెప్పేవాళ్లు కావాలి. పల్లెకు అది చెప్పగలిగింది నెలనెలా గుమ్మం తొక్కే ఆశా కార్యకర్త, ఏఎన్‌ఎం.

వణుకు, మతిమరుపు

లండన్ వైద్యుడు జేమ్స్ పార్కిన్సన్ 1817లో వర్ణించిన వణుకు జబ్బును మన ఆయుర్వేదం కంపవాతంగా ఎరుగును. పొలం గట్లమీద ఒంటికి తగిలితే దురద పుట్టించే దూలగొండి గింజల్లో ఈ జబ్బుకు వాడే లెవోడోపా ఉంది. దాన్ని ఆ గింజల నుంచి 1937లో మద్రాసులో వేరుచేశారు. అలాగని గింజలు నూరుకు తాగితే సరిపోదు. ఎంత మోతాదు పడుతుందో తెలియదు, ఎక్కువైతే చేటు. ఈ జబ్బులో వణుకు కన్నా ముందే నడక నెమ్మదిస్తుంది, చేతిరాత చిన్నదవుతుంది, వాసన తెలియదు. వయసు మీద పడిందని ఇంట్లో సరిపెట్టుకుంటారు. పారాక్వాట్ లాంటి కొన్ని పురుగు, కలుపు మందులకూ ఈ జబ్బుకూ సంబంధం ఉందని చాలా అధ్యయనాలు సూచించాయి. ముక్కుకు గుడ్డైనా కట్టుకోకుండా మందు కొట్టే కూలీలున్న డెల్టాలో ఈ మాట పురుగుమందుల కొట్టు దగ్గరే చెప్పాలి.

మతిమరుపు జబ్బు దేశంలో 60 ఏళ్లు దాటినవాళ్లలో 7.4 శాతం మందికి, అంటే 88 లక్షల మందికి ఉందని 2023లో ప్రచురితమైన అధ్యయనం తేల్చింది. డెల్టాలో దీనికి ప్రత్యేకమైన పరిస్థితి ఉంది. గుడివాడ, ఉయ్యూరు, పామర్రు పల్లెల్లోనూ పటమట అపార్టుమెంట్లలోనూ పిల్లలు విదేశాల్లో, తల్లిదండ్రులు ఒంటరిగా ఉండే ఇళ్లు చాలా ఉన్నాయి. ఆదివారం వీడియో కాల్‌లో నాన్నగారు ‘బాగానే ఉన్నామమ్మా’ అంటారు. అడిగిందే మళ్లీ అడుగుతున్నా అరగంట మాటల్లో అది పట్టుబడదు. కరెంటు బిల్లు రెండుసార్లు కట్టడం, పొయ్యి మీద పాలు మర్చిపోవడం, బ్యాంకులో సంతకం కుదరకపోవడం పక్కింటివాళ్లకూ పనిమనిషికీ ముందు తెలుస్తాయి. తెలిసినా, పెద్దాయన చాదస్తమని ఊరుకుంటారు. థైరాయిడ్ లోపం, బీ12 తక్కువ కావడం, తలలో పాత దెబ్బ వల్ల రక్తం గడ్డ, నిద్రమాత్రలు కూడా ఇలాంటి లక్షణాలు తెస్తాయి. అవి నయం చేయగలిగినవి, కాబట్టి ఒకసారి పరీక్ష తప్పనిసరి. చూసుకునే కోడలికో భార్యకో నెలకు నాలుగు రోజులైనా ఊపిరి తీసుకునే వీలు ఎలా కల్పించాలన్న ఆలోచన మన ఊళ్లలో ఇంకా మొదలు కాలేదు.

షుగరు, కిడ్నీలు

షుగరు నరాలను మెల్లగా తింటుంది. అరికాళ్ల మంటలు, ముల్లు గుచ్చుకున్నా తెలియని తిమ్మిరి దాని గుర్తులు. వరి మడిలో ఒట్టి కాళ్లతో దిగే రైతుకు, ఇంద్రకీలాద్రి గిరి ప్రదక్షిణలో చెప్పుల్లేకుండా నడిచే భవానీలకు చిన్న బొబ్బే పుండై వేలు తీసేదాకా వెళ్తుంది. రోజూ రాత్రి అద్దం పెట్టుకుని అరికాళ్లు చూసుకోవాలని మందుల చీటీ మీద ఒక ముక్క అచ్చువేస్తే చాలు.

డెల్టా అంచున, ఎన్టీఆర్ జిల్లా మెట్టలోని ఎ.కొండూరు మండలం తండాల్లో కిడ్నీ జబ్బు చాలా కుటుంబాలను దెబ్బతీసింది. ఇదే జబ్బుకు శ్రీకాకుళం ఉద్దానం పేరు రాష్ట్రమంతా తెలిసినంతగా ఈ తండాల పేరు తెలియదు. డెల్టాకు ఆవల పొదిలి, దర్శి ప్రాంతాల్లో ఫ్లోరైడ్ నీళ్లు ఎముకలను, వాటి నడుమ నరాలను నొక్కేస్తున్నాయని 1937లోనే శాస్త్రీయంగా నమోదైంది. కీళ్లనొప్పులకని వారం వారం వేయించుకునే నొప్పి ఇంజెక్షన్లు కిడ్నీలను దెబ్బతీస్తాయన్నది కూలిపనికి వెళ్లేవాళ్లకు ముందుగా తెలియాల్సిన సంగతి.

ఏలూరు, 2020

కృష్ణా, గోదావరి కాలువలు కలిసే ఊరు ఏలూరు. 2020 డిసెంబరు మొదటి వారంలో వన్‌టౌన్ వీధుల్లో జనం ఉన్నట్టుండి ఫిట్స్‌తో పడిపోవడం మొదలైంది. కొద్ది రోజుల్లో 600 మందికి పైగా ఆసుపత్రి పాలయ్యారు, ఒకరు మరణించారు. కొందరిని విజయవాడ, గుంటూరు ఆసుపత్రులకు పంపారు. రోగుల రక్తంలో సీసం, నికెల్ ఉన్నట్టు ఢిల్లీ ఎయిమ్స్ పరీక్షల్లో వెల్లడైంది. తర్వాతి పరిశీలనల్లో పురుగుమందుల అవశేషాల వైపు ఎక్కువగా వేలు చూపించారు. అసలే కరోనా కాలం. నీళ్లన్నారు, కూరగాయలన్నారు, గాలన్నారు. ఆ వారం ఊరూరా టీవీల ముందు జనం ఫిట్స్ గురించి మాట్లాడుకున్నారు. ఎవరికైనా, ఏ వయసులోనైనా ఇది రావచ్చని, దెయ్యంతో పనిలేదని అంతమందికి ఒకేసారి తెలిసిన సందర్భం అంతకుముందు లేదు. ఆ ఆసక్తిని మూర్ఛ రోగుల వైపు తిప్పి ఉంటే ఎంతో మేలు జరిగేది. అది కారణాల మీద వాదనతోనే ముగిసింది.

ఆసుపత్రులు, చట్టం, పింఛను

విజయవాడలో ప్రభుత్వ సర్వజనాసుపత్రి, సిద్ధార్థ వైద్య కళాశాల ఉన్నాయి. 1986లో ఏర్పడిన ఆరోగ్య విశ్వవిద్యాలయమూ ఇక్కడే. 2018లో తరగతులు మొదలైన మంగళగిరి ఎయిమ్స్ నది ఆవలి ఒడ్డున ఉంది. మచిలీపట్నంలో ప్రభుత్వ వైద్య కళాశాల 2023లో వచ్చింది. 2007లో ఆరోగ్యశ్రీగా మొదలై, ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవగా నడుస్తున్న పథకం ఖర్చు భారాన్ని చాలావరకు తగ్గించింది.

2016 వికలాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించింది. పార్కిన్సన్స్, మల్టిపుల్ స్క్లెరోసిస్ లాంటి దీర్ఘకాలిక నాడీ రుగ్మతలు అందులో ఉన్నాయి, మూర్ఛ లేదు. వైకల్య ధ్రువపత్రం ఇచ్చే సదరం క్యాంపుకు ఎవరు వెళ్లొచ్చో తెలియక ఇంట్లోనే ఉండిపోయే పార్కిన్సన్స్ రోగులున్నారు. 2024లో పెంచిన పింఛన్ల ప్రకారం, పక్షవాతంతో మంచానికే పరిమితమైనవారికి నెలకు 15,000 రూపాయలు, డయాలసిస్ రోగులకు 10,000 రూపాయలు రావాలి. మెదడు పక్షవాతం (సెరిబ్రల్ పాల్సీ) లాంటి సమస్యలున్న పిల్లలకు మండలాల్లో భవిత కేంద్రాలున్నాయి. ఈ సంగతులు జబ్బు పేరుతో పాటు చెప్పాల్సినవి. ఏం దొరుకుతుందో తెలిస్తే దాపరికం కొంత తగ్గుతుంది.

ప్రచారం తీరు

ఫిబ్రవరి రెండో సోమవారం మూర్ఛ దినం, ఏప్రిల్ 11 పార్కిన్సన్స్ దినం, సెప్టెంబరు 21 మతిమరుపు జబ్బుకు సంబంధించిన అల్జీమర్స్ దినం, అక్టోబరు 29 పక్షవాత దినం, నవంబరు 17 జాతీయ మూర్ఛ దినం. ఇలాంటి రోజుల్లో విజయవాడలో నడకలు, ఉచిత శిబిరాలు పెడతారు. ప్లకార్డులు పట్టుకుని బందరు రోడ్డులో నడిచేది ఎక్కువగా నర్సింగ్ విద్యార్థులు. వాళ్లకు ఆ సంగతి ముందే తెలుసు. తెలియనివాళ్లు ఆ వేళకు ఆటోనగర్‌లోనూ, రైతుబజారులోనూ, నాట్లలోనూ ఉంటారు. లారీ డ్రైవర్ల దగ్గరికి బీపీ మిషను, బడికి ఫిట్స్ ప్రథమ చికిత్స, పురుగుమందుల కొట్టుకు ముక్కుగుడ్డ కబురు వెళ్లడం మేలు. ఆర్‌ఎంపీలను తిట్టి పక్కన పెట్టడం కన్నా, మూతి వంకర చూడగానే 108కి ఫోన్ చేసేలా వాళ్లకు నేర్పడం ఎక్కువ ప్రాణాలు నిలుపుతుంది.

2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్‌నగర్ ప్రాంతం రోజుల తరబడి నీళ్లలో ఉన్నప్పుడు డ్రోన్లతో ఆహారం, మందులు జారవిడిచారు. ఫిట్స్ మాత్ర రెండు రోజులు తప్పితే ఏమవుతుందో, ఇన్సులిన్ తడిస్తే ఏమవుతుందో అప్పుడు ఇళ్లలో తెలిసి ఉండాల్సింది. మందు పేరు, మోతాదు రాసిన చీటీని ఫోన్‌లో ఫొటో తీసి పెట్టుకోవడం, వారానికి సరిపడా మాత్రలు విడిగా ప్లాస్టిక్ కవరులో ఉంచుకోవడం వానాకాలం ముందు ఆశా కార్యకర్త చెప్పవలసిన మాటల్లో చేరాలి.

ప్రపంచ ఆరోగ్య సంస్థ సభ్యదేశాలు 2022లో ఆమోదించిన నాడీ రుగ్మతల కార్యాచరణ ప్రణాళిక 2031 నాటికి మూర్ఛ విషయంలో మూడు మెట్లు పెట్టుకుంది. జబ్బు ఉన్నవాళ్లలో 90 శాతం మందికి తమది చికిత్స ఉన్న మెదడు జబ్బని తెలియాలి. వారిలో 80 శాతానికి మందు అందాలి. అందినవారిలో 70 శాతానికి ఫిట్స్ అదుపులోకి రావాలి. మొదటి మెట్టు ఆశా కార్యకర్త చేతిలోని సర్వే పత్రం దగ్గరే ఉంది. బీపీ, షుగరు ప్రశ్నలతో పాటు ఫిట్స్ ఎప్పుడైనా వచ్చాయా అన్న ప్రశ్న అందులో ఇప్పటికే ఉంది. ఆ ప్రశ్నను వరండాలో పదిమంది వింటుండగా అడిగితే, పెళ్లికెదిగిన ఆడపిల్ల ఉన్న ఇంట్లో వచ్చే జవాబు ‘లేదు’ అనే. అదే ఊరి మనిషి అయిన ఆశా కార్యకర్త తల్లిని వంటింట్లోకి పిలిచి, విడిగా, పేరు బయటికి రాదని మాటిచ్చి అడగాలి. మాత్రలను ఉపకేంద్రం నుంచి చడీచప్పుడు లేకుండా నెలనెలా ఇచ్చే ఏర్పాటు కూడా ఉంటే, జవాబు మారే అవకాశం ఉంది.